పెరట్లో ఏముందని

మొదటి చుక్క చల్లగా పడింది. కళ్ళు మూసుకుని కూర్చోండమ్మా, పది నిమిషాలకొకసారి వచ్చి వేస్తాను, మొత్తం మూడుసార్లు, కంటిపాప పూర్తిగా విచ్చుకున్నాకే డాక్టరుగారు లోపల చూడగలరు, ఈలోగా ఎక్కడికీ లేవకండి, అని చెప్పి నర్సు రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ అవతలి మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడు మొదలైంది మంట. ఐదు కుర్చీలు ఒకే ఇనుప పట్టీకి బిగించి ఉన్నాయి, ఆ కొసన ఎవరో మోకాలు ఊపుతున్నారు, ఆ ఊపు నా నడుం దాకా వస్తోంది, నన్ను దాటి మా మరదలి దాకా పోతోంది. మరదలంటే మా తమ్ముడి భార్య. వాళ్ళిద్దరూ నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. తను టెలిఫోను కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తుంది, అందుకని ఇంట్లో కూడా తన గొంతు తేనెలో ముంచి తీసినట్టే ఉంటుంది, కూరలో ఉప్పెక్కువైందన్నా సరే మీ ఇబ్బంది నాకు అర్థమైంది వదినా అంటుంది. ఈ రోజు నాకోసం సెలవు పెట్టింది. చుక్కలు పడ్డాక ఒంటరిగా రోడ్డు దాటకూడదట. నాకు యాభై నాలుగేళ్ళు, అందులో ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందే గడిచాయి, రక్తపు చుక్కని గాజుపలక మీద పరిచి ఇది ఉంది, ఇది లేదు అని రాసిచ్చే పని, నాకు కళ్ళే అన్నం. మూడు నెలలుగా ఎడమకంటి అంచున చిన్న మసక ఒకటి వచ్చి కూర్చుంది, నేను పక్కకి చూస్తే అదీ పక్కకి జరుగుతుంది. చూపించుకుంటానని అన్నది నేనే. తేదీ మాత్రం నేను పెట్టలేదు. తేదీ మా తమ్ముడు పెట్టాడు, గురువారం పొద్దున తొమ్మిదిన్నర, ఆ రోజే దొరికిందక్కా అన్నాడు, ఎంత శ్రద్ధో అనుకున్నాను, రాత్రి పడుకునే ముందు మనసులో వాడికి రెండు మంచి మాటలు కూడా చెప్పుకున్నాను.

కళ్ళు మూసుకున్నవాళ్ళకి చెవులు నాలుగు. మరదలి సంచిలో ఫోను గుర్రుమంది, తను లేచి రెండడుగులు అవతలికి వెళ్ళింది, ఆ రెండడుగుల దూరం కళ్ళు తెరిచి ఉన్నవాళ్ళకి సరిపోయేదేమో, నాకు సరిపోలేదు. మేస్త్రీగారూ, లారీ దగ్గరున్నారా, ఆయన ఫోను తీయరండీ, ఆ చప్పుడులో వినపడదు, లారీ పెరటి గేటు వైపే పెట్టించండి, ఆ, గేటు దగ్గరనుంచే మొదలుపెట్టండి, దిమ్మిస కొట్టడం అయిపోయిందా, సరేనండీ, పన్నెండింటిలోగా అయిపోవాలి, మేం వచ్చేస్తాం. కుర్చీ మళ్ళీ కదిలింది, తను వచ్చి కూర్చుంది, సంచి జిప్పు వేసుకుంది.

“పన్నెండింటిలోగా ఏమిటి అయిపోవాలి?” అని అడిగాను.

“కళ్ళు తెరవకండి వదినా.”

“మూసుకునే అడుగుతున్నాను. ఏమిటి అయిపోవాలి?”

ఫిర్యాదు చేసినవాళ్ళని లైనులో ఉంచి పాట వినిపిస్తారే, అంతసేపు మాట్లాడలేదు. పాట ఒక్కటే తక్కువ. ఆ తరవాత చెప్పింది. పెరడంతా సిమెంటు చేయిస్తున్నారు. గోడనుంచి గోడదాకా, నాలుగంగుళాల మందం. మేస్త్రీ, నలుగురు మనుషులు, కలిపే యంత్రం పొద్దున మేం గడప దాటిన పావుగంటకి వచ్చాయట, మా తమ్ముడు ఆఫీసుకి వెళ్తున్నట్టే బూట్లు వేసుకుని బయల్దేరి వీధి చివరినుంచి వెనక్కి వెళ్ళాడట. మీరు కింద పడతారని ఆయన భయం వదినా, పోయినేడు పడ్డారు కదా, ఇప్పుడు కళ్ళు కూడా ఇలా అయ్యాయి కదా, మీరు వచ్చేసరికి అంతా చదునుగా శుభ్రంగా చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నారు. ఆశ్చర్యం. అరికాలి మంట నెత్తికెక్కింది అంటారు కదా, అది మాటవరసకి అంటారని ఇన్నాళ్ళూ అనుకున్నాను, కాదు, నిజంగానే పాదాల దగ్గర మొదలై పిక్కల మీదుగా ఎక్కుతుంది, ఎక్కడెక్కడ ఉందో వేలుపెట్టి చూపించవచ్చు, మోకాళ్ళ దగ్గర కాసేపు ఆగుతుంది, నడుం దాటుతుంది, చెవుల వెనకనుంచి పైకి పోతుంది, ఇక పోవడానికి చోటులేక మూసుకున్న కళ్ళలోకి, అక్కడ ముందే ఉన్న మందు మంటలోకి దిగుతుంది. మూడుసార్లు వద్దన్నాను వాడికి. ఒకసారి అన్నం తింటూ, ఒకసారి మెట్ల మీద, ఒకసారి కాగితం మీద రాసి వాడి టిఫిను డబ్బాలో పెట్టి మరీ. మూడుసార్లూ ఒకటే మాట వాడిది, పెరట్లో ఏముందని అక్కా, మట్టీ గడ్డీ తప్ప. వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నేల సమానంగా లేకపోతే వాడికి అన్నం సయించదు. పడకగదిలో మంచం కాళ్ళ కింద కూడా రసమట్టం పెట్టి చూసుకుంటాడు, గాజు గొట్టంలో బుడగ మధ్యకి వచ్చేదాకా అట్టముక్కలు దూరుస్తాడు. ఆ బుడగ మధ్యకి రావడం కోసం, అంతే, ఆ ఒక్క బుడగ కోసం.

ఏముందని అడిగావు కదరా. ఆరుబయట కుళాయి కింద ఎన్నడూ ఆరని చెమ్మ ఉంది, దాని పక్కన ఒక ఇటుక బోర్లా పడి ఉంటుంది, నువ్వు మూడుసార్లు దాన్ని తీసి గోడ దగ్గర పేర్చావు, నేను మూడుసార్లు తెచ్చి అక్కడే పడేశాను, ఎందుకంటే దాని కింద బల్లిలాంటి నలికిరి ఒకటి కాపురం ఉంది, రాగితీగని సానపట్టినట్టు ఉంటుంది ఎండలోకి వస్తే. నిమ్మచెట్టు ఆకుల్ని పురుగు కొరికేస్తోందని నువ్వు మందు కొట్టబోతే డబ్బా లాక్కున్నాను, మూడు వారాలయ్యాక కిటికీలోంచి పిలిచి ఆ నల్లరెక్కల సీతాకోకని చూపిస్తే అబ్బ భలే ఉందే అన్నావు, నువ్వు చంపబోయింది దాన్నేరా తెలివైనవాడా. పాత నీళ్ళ గొట్టం చివర తడిమట్టితో కుండ కట్టి మూతి మూసిపెట్టే కందిరీగ ఉంది, అది ఎవరినీ కుట్టదు, దానికి తీరిక ఉండదు. గడ్డి వెన్ను వేశాక వచ్చే చిన్నపిట్టలున్నాయి, వేలెడంత ఉండవు, గడ్డిపరక మీద వాలితే పరక వంగుతుంది, పిట్ట నేలకి తాకీ తాకకుండా ఊగుతూ గింజ తింటుంది, దాన్ని చూస్తూ నేను ఎన్నిసార్లు పొయ్యిమీద పాలు పొంగించుకున్నానో నీ భార్యనడుగు. గడ్డి కోయాలక్కా అంటావు. గింజ రాలేదాకా ఆగరా అంటాను. చదువుకున్న ఇల్లు ఇలా ఉంటుందా అంటావు. చదువుకున్న ఇల్లు. నీ చదువు మండ.

అయినా వీటికోసం కాదు నాకింత కోపం, వీటికి రెక్కలున్నాయి, కాళ్ళున్నాయి, గోడ దూకి ఎటో పోయి ఏదో ఒకలా బతుకుతాయి, లేదా చస్తాయి, కనీసం పారిపోయి చస్తాయి. అసలైనవి నిద్రపోతున్నాయి. ఎనిమిదేళ్ళ కింద ఇలాంటి ఎండల్లోనే గొట్టం పగిలితే, బాగుచేసేవాడు రేపు మాపు అంటుంటే, విసుగొచ్చి నేనే పార పట్టుకుని తవ్వాను. మూరెడు లోతున పారకి ఒక గడ్డ తగిలింది. ఏ దుంపో అనుకుని చేతిలోకి తీసుకున్నాను. మట్టిగడ్డకన్నా బరువుగా ఉంది, ఆ ఎండలో కూడా చల్లగా ఉంది. పైన మట్టి బొటనవేలితో తుడిస్తే ముడుచుకున్న కాళ్ళు, ముడుచుకున్న చేతులు, గడ్డం పొట్టకి ఆనించుకుని కూర్చున్న కప్ప. చచ్చిపోయిందనుకున్నాను. కానీ ఏళ్ళ తరబడి ఉందా లేదా అని చూసే పనే కదా నాది, తొందరపడి లేదు అని రాయను, గడియారం చూసుకుంటూ అలాగే కూర్చున్నాను, ఒక నిమిషం, రెండు, అయిదు, ఆరో నిమిషంలో పక్క డొక్క కొంచెం, గాలి తగిలిన కాగితమంత, పైకి లేచి దిగింది. ఒక కన్ను తెరిచింది. ఆవగింజ చుట్టూ బంగారపు గీత గీసినట్టు ఉంది. నన్ను చూసి ఏమీ అనుకోకుండా మళ్ళీ మూసుకుంది. ఎక్కడ తీశానో అక్కడే పెట్టి, మట్టిని పిడికిట్లో పొడిచేసి పైన చల్లాను, గొట్టం ఇంకో దారిలో వేయించాను. తరవాత పుస్తకాలు తెచ్చి చదివాను. వానలు వెనకబడగానే ఇవి వెనక్కాళ్ళతో నేలని తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి దిగిపోతాయట, ఎనిమిది నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, తిండి లేదు నీళ్ళు లేవు, పైన వాన పడుతున్న దడదడ నేలలోంచి ఒంటికి తగిలితేనే లేస్తాయట. చప్పుడే వాటికి పిలుపు. దిమ్మిస కొట్టడం అయిపోయిందా, అని ఇందాక అడిగింది నా మరదలు, ఎంత మృదువుగా అడిగింది. పొద్దుటినుంచి ఇద్దరు మనుషులు ఆ ఇనుప దిమ్మతో నేలని దడదడ బాదుతుంటే కింద పడుకున్నవి ఏమనుకుని ఉంటాయి. వాన అనుకుని ఉంటాయి. లేచి ఉంటాయి. కాళ్ళు విప్పుకుని, మట్టి తోసుకుంటూ, పైకి.

రెండో చుక్క. తల వెనక్కి వాల్చండి, అంత బిగపట్టకండమ్మా, కంట్లో పడట్లేదు, అంది నర్సు. కళ్ళు తెరిచినప్పుడు నా అరచెయ్యి చూసుకున్నాను, గీతలు లేవు, చెరిపేసినట్టు ఉంది. ఎదురుగోడ మీద కంటి బొమ్మ మాత్రం ఇంకా తెలుస్తోంది. దగ్గరివి పోతున్నాయి, దూరానివి ఉంటున్నాయి. మరదలు మంచినీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చింది, తాగలేదు, ఒళ్ళో పెట్టుకున్నాను, అది మోకాలు ఊపే మనిషి తాళానికి వణుకుతోంది. ఆ మోకాలు మీద ఒక్కటి వెయ్యాలని ఉంది. ఎవరి మీదైనా.

మా వరుసలో పన్నెండిళ్ళు. వెనక పన్నెండు పెరళ్ళు, మధ్యలో భుజమెత్తు గోడలు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తొలివాన రాత్రి ఎవరూ నిద్రపోయేవాళ్ళు కాదు, పన్నెండు పెరళ్ళూ ఒకేసారి నోరు విప్పేవి, గోడలు అదిరేవి, చిన్నప్పుడైతే మా తమ్ముడు భయపడి నా దుప్పట్లోకి దూరేవాడు, బళ్ళో హాజరు పలుకుతున్నాయిరా, నువ్వు కూడా పలుకు అంటే, దుప్పటి లోపలనుంచే ఉన్నానండీ ఉన్నానండీ అని ఒక్కొక్క కప్పకీ పలికి పలికి నిద్రపోయేవాడు. ఆ తరవాత మొదటి ఇంటివాళ్ళు కారు షెడ్డు వేశారు. మూడో ఇల్లు గచ్చు చేశారు. ఏడో ఇంట్లో పలకలు పరిచారు, గళ్ళగళ్ళవి, వాటి మీద ప్లాస్టిక్ గడ్డి పరిచారు, ఉన్న గడ్డి పీకి లేని గడ్డి పరవడానికి మనుషుల్ని పెట్టి మరీ. మా పక్కింటాయన, పొద్దున లేస్తే చీపురుతోనే కనిపిస్తాడు కాబట్టి మేం చీపురాయన అంటాం, మా గోడ మీదుగా ఆకు రాలితే ఆ ఆకుని వేలితో పట్టుకుని చూపించి మరీ వెనక్కి పడేస్తాడు, మీ అడవి వల్ల దోమలండీ అంటాడు, దోమల్ని తినేవే ఇక్కడున్నాయండీ అంటే ల్యాబు మేడంగారు జోకులేస్తారు అని నవ్వుతాడు. ఒక్కొక్క ఏడు ఒక్కొక్క వైపునుంచి చప్పుడు ఆగిపోయింది. పోయినేడు తొలివానకి ఒక్క మా పెరట్లోంచే వచ్చింది, అటూ ఇటూ అంతా నిశ్శబ్దం, వాన మాత్రం సిమెంటు మీద చిటపటమంటోంది. మిగిలినవన్నీ మా దగ్గరికే వచ్చాయా, మావి మాత్రమే మిగిలాయా, తెలీదు. ఇంక వేరే చోటు లేదన్నది తెలుసు. అది తెలిసి కూడా నేనేం చేశాను. చీపురాయన పెరట్లో సిమెంటు పోస్తున్న రోజు నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి టిఫిను తిన్నాను. అవి కింద ఉన్నాయని తెలుసు, ఏ నెలో తెలుసు, ఎంత లోతునో తెలుసు, అరడుగు దూరంలో గోడ, పిలిస్తే పలికే మనిషి, నోరు తెరిచి ఏమండీ ఒక్కమాట అంటే చాలు. నవ్వుతాడని అనలేదు. ఇరుగుపొరుగు, రేపు మొహాలు చూసుకోవాలి, అని అనలేదు. చెయ్యి కడుక్కుని ల్యాబుకెళ్ళి రక్తపు చుక్కల్లో ప్రాణం వెతికాను. తమ్ముడి మీద కోపం ఇంత ఎక్కువగా ఎందుకుందో నాకు తెలియక కాదు, సగం వాడిది కాదు.

అయినా వాడిది వాడిదే. వాడు మంచివాడు, అదే తంటా. చెడ్డవాడైతే నాలుగు తిట్టి తలుపేసుకునేదాన్ని. పోయినేడు కుళాయి దగ్గర బురదలో జారి నా కుడి మణికట్టు విరిగితే ఆరు వారాలు వాడే నా అన్నం కలిపాడు, ఈమె నా జుట్టు దువ్వింది, మైక్రోస్కోపు మర ఎడంచేత్తో తిప్పుకోవడం రాక నేను ఏడిస్తే వాడు రాత్రికి రాత్రి లిఫ్టు మీట ఒకటి తెచ్చి దానికి బిగించి ఇచ్చాడు. ఆ మనిషే ఇప్పుడు నన్ను ఇక్కడ కూర్చోబెట్టి కళ్ళలో మందు వేయించి అక్కడ నేల మూయిస్తున్నాడు. నీ మంచికే అక్కా. ఈ నీ మంచికే అన్న మాట ఎంతమంది నోట విన్నాను, పెళ్ళి సంబంధం నచ్చలేదంటే నీ మంచికే, బదిలీ వద్దంటే నీ మంచికే, వద్దు అని నేనన్న మాట ఎవరి చెవిలోనూ వద్దులా వినపడదేమో, కావాలని అడిగే పద్ధతి అదేననుకుంటారేమో. పడేది నేను, విరిగేది నా చెయ్యి, మళ్ళీ పడతాను, నా ఇష్టం. కావాలంటే కుళాయిదాకా నాలుగు రాళ్ళు పరిస్తే సరిపోయేది, నాలుగు రాళ్ళు, అది కూడా కాగితంలో రాశాను, చదివాడా, టిఫిను డబ్బాలో నూనె పట్టి చెత్తబుట్టలోకి పోయిందా.

మూడో చుక్క కోసం నర్సు వచ్చింది. తర్వాత మీరేనమ్మా, ఐదు నిమిషాల్లో పిలుస్తారు అంది. చుక్క వేయించుకున్నాను. బుగ్గ మీదికి కారినది చేత్తో తుడుచుకున్నాను. లేచాను. ఒళ్ళోని సీసా దొర్లి కిందపడింది, మోకాలు ఊపే మనిషి ఊపడం ఆపాడు. ఇప్పుడు వెళ్ళిపోతే మళ్ళీ మొదటినుంచి వెయ్యాల్సిందే, డాక్టరుగారి తారీఖు నెలదాకా లేదు, అంది నర్సు, కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. కంటి అంచున ఆ మసక ఏమిటో ఇంకో నెల తెలియదు. నెల అన్నది చిన్న మాట కాదు నా పనిలో ఉన్నవాళ్ళకి, చూపు అనేది ఎలా పోతుందో నాకు తెలుసు, చెప్పి పోదు. భయపడ్డాను. భయపడుతూనే నడిచాను, తలుపు ఎటుందో వెలుగుని బట్టి తెలిసింది.

బయట ఎండ లేదు, తెలుపు ఉంది. ఆకాశం, రోడ్డు, గోడ, మనుషులు, అన్నీ ఒకే తెలుపులో కరిగి నా మొహం మీదికి వస్తున్నాయి, కళ్ళు గట్టిగా మూసుకున్నా రెప్పలు దాటి ఎర్రగా లోపలికి వస్తోంది. హారను ఎక్కడో చాలా దగ్గర మోగింది. అప్పుడు మోచెయ్యి దగ్గర ఒక పట్టు, గట్టిది, మరదలిది. ఆగమని లాగుతుందనుకుని విదిలించాను. వదల్లేదు. టాక్సీ ఇటుంది వదినా అంది, తలుపు తీసిన చప్పుడు, వేడెక్కిన సీటు, తలుపు మూసిన చప్పుడు, ఇంటి గుర్తులు డ్రైవరుకి తనే చెప్పింది. దారిలో నేను చెప్పాను. ఇంతకుముందు ఎన్నడూ చెప్పలేదు, కప్పలున్నాయి అన్నానేమో గాని ఎక్కడ, ఎలా, ఎంత లోతున, డొక్క ఎన్ని నిమిషాలకి కదులుతుంది, దిమ్మిస చప్పుడు వాటికి ఏమని వినపడుతుంది, ఇవేవీ చెప్పలేదు. తను అడ్డు రాలేదు. కప్పంటే తనకి ఒళ్ళు జలదరింపు, స్నానాలగదిలో ఒకసారి చిన్నది కనిపిస్తే ఇద్దరు మనుషుల్ని కేకేసింది. చెప్పడం అయ్యాక ఫోను తీసింది, మా తమ్ముడు ఎత్తలేదు, మళ్ళీ చేసింది, ఎత్తలేదు, అప్పుడు మేస్త్రీకి చేసింది.

“పని ఆపండి. లేదు, ఆయన్ని అడగక్కర్లేదు. నేను చెప్తున్నాను, ఆపండి,” అంది. ఆ గొంతులో తేనె లేదు. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, డ్రైవరు కూడా కారు కొంచెం నెమ్మది చేశాడు.

యంత్రం చప్పుడు వీధి మొదట్లోనే వినిపించింది. ఆపలేదు, తిరుగుతూనే ఉంది, ఆపితే కలిపిన మాలు లోపలే గడ్డకడుతుందట, ఆ సంగతి తరవాత చెప్పారు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళాను. దూరానివి తెలుస్తున్నాయి నాకు, ఆ చివర గోడ, లారీ వెనక భాగం, ఆకారాలుగా మనుషులు, వాళ్ళలో చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డవాడు మా తమ్ముడు, వాడి నిలుచునే తీరు వాడి ఐదో ఏటినుంచి నాకు తెలుసు. నేలలో సగం బూడిదరంగు, తడిగా మెరుస్తోంది. గేటునుంచి నిమ్మచెట్టు దాటి బట్టలుతికే బండ దాకా. చెట్టు మొదలు చుట్టూ గుండ్రంగా జానెడు వదిలారు, దయ.

ఏమిటక్కా అప్పుడే వచ్చేశారు, డాక్టరేమన్నాడు, అని వాడు అడుగుతూనే ఉన్నాడు, నేను గోడకి ఆనించిన పార తీసుకున్నాను, అది ఎక్కడుంటుందో కళ్ళక్కర్లేదు, నేను పెట్టిన చోటే ఉంటుంది. తడి సిమెంటులోకి దిగాను. చీలమండ దాకా దిగబడింది. అందులో కాలు పెట్టకక్కా, చర్మం తినేస్తుంది అన్నాడు. తిననీ అన్నాను. ఒక పార, రెండు పారలు, ఎత్తి పక్కన పోస్తున్నాను, బరువు, ఇసుక, రాళ్ళు, విరిగిన మణికట్టు మూలిగింది, ఎత్తాను. చీపురాయన గోడ మీదుగా తల పెట్టాడు, ఏమైందండీ అన్నాడు, లోపలికి పొమ్మన్నాను, పదేళ్ళనుంచి అనవలసిన మాట అది, ఆ తల ఎంత తొందరగా మాయమైందో. తమ్ముడు వచ్చి పార పట్టుకున్నాడు.

“పెరట్లో ఏముందని అక్కా,” అన్నాడు, బతిమాలుతున్నట్టే అన్నాడు, “నాకు నువ్వు కావాలి. ఈ మట్టిలో ఏముందని?”

పార వాడికే వదిలేసి కూర్చుని చేతులతో తవ్వాను. పైపైన దిమ్మిస కొట్టి రాయిలా చేశారు, దాని కింద మెత్తగానే ఉంది. మట్టిగడ్డలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను. ఏమీ తెలియలేదు. అన్నీ గోధుమరంగు మసకలు. రక్తంలో వెంట్రుకలో వందోవంతు పురుగుని పట్టే కళ్ళు పిడికెడు కప్పని మట్టినుంచి వేరుచేయలేకపోతున్నాయి, వేళ్ళు సిమెంటు మంటకి మొద్దుబారాయి, బరువు తెలియడం లేదు, చల్లదనం తెలియడం లేదు, దేన్ని నలిపేస్తానో అని నలపలేకపోతున్నాను. అప్పుడే ఏడుపొచ్చింది, కోపం వల్ల వచ్చే ఏడుపు, అది వేరు. పక్కన ఎవరో చతికిలబడ్డారు. మరదలు. నా చేతిలోంచి గడ్డ తీసుకుంది. ఇది మట్టి వదినా అంది. ఇంకోటి ఇచ్చాను. ఇదీ మట్టే. ఇది రాయి. ఇది వేరు. ఇది మట్టి. కప్పలకోసం అని మరదలు అంటే మేస్త్రీ కూడా ఎవరూ పిలవకుండానే అటువైపు కూర్చుని చేత్తో తీయడం మొదలుపెట్టాడు, నూతులు తవ్వేటప్పుడు చూశానమ్మా ఇట్టాంటివి, అన్నాడు. ఎన్ని గడ్డలిచ్చానో. తరవాత ఒకదాని దగ్గర తను ఏమీ అనలేదు. తన రెండో చెయ్యి కూడా దాని కిందికి చేరిందని భుజానికి భుజం తగిలి తెలిసింది, జారవిడవలేదు.

“వదినా,” అంది, “ఇది నన్ను చూస్తోంది.”

యంత్రం ఆపమని ఎవరు చెప్పారో తెలియదు, ఆగిపోయింది. తమ్ముడు వంగాడు. వాడి నీడ మా మీద పడ్డందుకు నా కళ్ళకి హాయిగా ఉంది, అంతవరకే. ఎన్నున్నాయక్కా అని అడిగాడు, గొంతు చిన్నదైపోయింది. తెలీదన్నాను. నేనెప్పుడూ తవ్వి లెక్కపెట్టలేదు. లెక్క తెలియనిదాని మీద నువ్వు సిమెంటు పోశావు అన్నాను, ఇంకా చాలా అన్నాను, చిన్నప్పటినుంచి ఉన్నవి, వాడికి సంబంధం లేనివి కూడా కొన్ని, కూలివాళ్ళ ముందే. వాడు నేను వదిలేసిన పారతోనే గేటు దగ్గరనుంచి మొదలుపెట్టాడు, అక్కడే మొదట పోశారు కాబట్టి అక్కడే ముందు గట్టిపడుతుందని వాడికి తెలుసు. నలుగురు మనుషులూ చేరారు. గంటల తరబడి పారలు ఆడుతూనే ఉన్నాయి. మరదలు మూడింటిని తీసింది, తరవాత రెండింటిని, నిమ్మచెట్టు నీడలో తడిమట్టి తవ్వి ఒక్కొక్కటీ పెట్టింది, మట్టి పొడిచేసి చల్లమంటే చల్లింది. ఒకటి దిమ్మిస కింద నలిగినది కూడా దొరికింది, దాన్ని నాకు చెప్పకుండా పక్కకి పెట్టబోయింది, చేతికివ్వమన్నాను, ఇచ్చింది.

ఎండ వాలేసరికి తెలుపు కొంచెం తగ్గి నాకు మనుషులకి మొహాలు రావడం మొదలైంది. గేటు దగ్గర నాలుగడుగుల పట్టీ మిగిలింది. తమ్ముడు దాని మీద పార వేశాడు, అది టంగుమంది, మళ్ళీ వేశాడు, నిప్పురవ్వ లేచింది. పార ఆనించి నిలబడ్డాడు. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి, చొక్కా ఒంటికి అతుక్కుంది, జుట్టులో సిమెంటు ఆరి ముసలివాడిలా ఉన్నాడు. ఇక్కడ పూర్తిగా బిగిసిపోయిందక్కా, పారకి రాదింక, అన్నాడు. అని నా వైపు చూశాడు, నేను పోనీలే అంటానని, ఆ చూపు నాకు తెలుసు, మేస్త్రీ కూడా నా వైపే చూశాడు, మరదలు కూడా.

“మెట్ల కింద గడ్డపార ఉంది, తెచ్చుకో,” అన్నాను.